ఒక మోకాలు, రెండు సూదులు

పోయిన వారం మనం ఒక భోజనాల బల్లను అర్ధంతరంగా వదిలేసి వచ్చేశాం. ఆదివారం పొద్దున. బల్ల మీద కాల్చిన రొట్టెలు, వెన్న, తేనె సీసా, టీ కెటిల్. వీటి మధ్య, ఇదీ ఫలహారమే అన్నట్టు, ఒక స్టీలు ట్రే. ట్రేలో మూత తీయని సూది. చుట్టూ నలుగురు మనుషులు. స్కూలు బస్సు నడిపే అత్తగారికి పిల్లలు పెట్టిన పేరు గేరమ్మ. ఆవిడ భర్త కీళ్ళ డాక్టరు. వీధి వీధంతా ఆయన్ని పెద్ద సూది అంటుంది. అదే చదువు చదివి అదే క్లినిక్‌లో పక్క గదిలో కూర్చునే కొడుకు సహజంగానే చిన్న సూది. ఇక కోడలు. పెద్దాసుపత్రి ల్యాబులో సూక్ష్మదర్శినికి కన్ను అతికించి బతుకుతుంది కాబట్టి ఈ ఇంట్లో ఆమె ముద్దుపేరు భూతద్దం.

గేరమ్మ ఎడమ మోకాలు వాచింది. చిన్న సూది అందులోంచి కాస్త నీరు తీసి, ఎవరికీ చెప్పకుండా భార్య చేతికిచ్చాడు. ఆ నీటిచుక్కలో భూతద్దానికి రెండు రకాల మందు రేణువులు కనిపించాయి. ఒక రకం నలిగిన చక్కెరలా, రెండో రకం సన్నటి పుల్లల్లా. ఒక మోకాల్లో రెండు మందులెలా చేరాయి? అందుకే బల్ల దగ్గర, రొట్టె కొరక్కుండానే, నింపాదిగా అడిగింది: "ఈ ఇంట్లో అత్తయ్య మోకాలికి సూది వేస్తున్నదెవరు?"

"నేనే" అన్నాయి రెండు గొంతులు. అక్కడ ఆగాం.

ఆ రెండు 'నేనే'లూ బల్ల మధ్యలో ఢీకొని వెన్నగిన్నె పక్కన చతికిలబడ్డాయి. పెద్ద సూది కొడుకు వైపు చూశాడు. చిన్న సూది తండ్రి వైపు చూశాడు. ఇంతకాలం ఒకరి వెనక ఒకరు చేసిన ఘనకార్యం ఇప్పుడు ఎదురెదురుగా కూర్చుంది.

"నువ్వెందుకు వేశావురా?"

"మీరెందుకు వేశారు నాన్నా?"

"అది నా భార్యరా!"

"మా అమ్మ కూడా కదా!"

"రెండూ నిజమే," అంది గేరమ్మ, రొట్టెకు వెన్న రాసుకుంటూ. "చుట్టరికాల్లో పేచీ లేదు. టీ చల్లారిపోతోంది, తాగండి."

పెద్ద సూది టీ తాగలేదు. కప్పు పైకెత్తి, లోపలికి చూసి, దింపేశాడు. క్లినిక్‌లో పెద్ద గొంతు, ఇంట్లో పెద్ద మెతక. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు కొడుకుతో.

"పోయిన ఏడాది వానల నుంచి. అయినా నేనేం ఎడాపెడా పొడిచేయలేదు నాన్నా. ఒకసారి వేశాక కొన్ని నెలలు ఆగుతాను. పద్ధతి ప్రకారమే."

"నేను మాత్రం ఆగనా? నేర్పిందెవరు నీకు ఆ పద్ధతి?"

"మీరే."

"మరి?"

"మరి ఏముంది," అంది భూతద్దం. "మీరు ఆగిన నెలల్లో ఈయన వేశాడు. ఈయన ఆగిన నెలల్లో మీరు వేశారు. ఇద్దరూ పద్ధతిగా విరామం ఇచ్చారు మామయ్యా. మోకాలికే అది దొరకలేదు."

గోడ మీది గడియారం కూడా కాస్త సిగ్గుపడి చప్పుడు తగ్గించినట్టనిపించింది.

ఇది డాక్టర్ల ఇంట్లోనే జరగగల పొరపాటు. వేరే ఇళ్ళల్లో మోకాలు నొప్పి పుడితే డాక్టరు దగ్గరికెళ్తారు, ఆ డాక్టరు "ఇంతకుముందు ఎక్కడైనా సూది వేయించుకున్నారా?" అని అడుగుతాడు. ఈ తండ్రీకొడుకులు కూడా క్లినిక్ గుమ్మం దాటి వచ్చిన ప్రతి మోకాలినీ ఆ ప్రశ్న అడక్కుండా ముట్టుకోరు. కానీ ఇంట్లో మోకాలు బయటి మోకాలు కాదు కదా. రోజూ కళ్ళెదుట తిరిగేదాని గురించి అడగడమేంటని ఇద్దరికీ నమ్మకం. అలా ఊళ్ళో కీళ్ళన్నిటి చరిత్రా తెలిసిన ఇంట్లో, అతి కీలకమైన కీలు చరిత్ర ఎవరికీ తెలియకుండా పోయింది.

"ఒక్క ముక్క చెప్పొచ్చు కదమ్మా నాకు," అన్నాడు చిన్న సూది తల్లితో. "నాన్న కూడా వేస్తున్నారని."

"చెబితే నువ్వు వేసేవాడివా?"

"వేసేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు." గేరమ్మ రొట్టె కొరికి, తీరిగ్గా నమిలి, మింగి, అప్పుడు మొదలుపెట్టింది. "మీ నాన్నతో ఏమన్నానంటే, మీవాడికి చెప్పకండీ, వాడు కుర్రడాక్టరు, చూడగానే మోకాలు కోసి కొత్తది పెట్టేద్దామంటాడు అన్నాను. నీతో ఏమన్నానంటే, మీ నాన్నకి చెప్పకురా, ఆయన సూది పని చేయట్లేదని తెలిస్తే చిన్నబుచ్చుకుంటారు అన్నాను."

"చిన్నబుచ్చుకోవడమా? నేనా?" అన్నాడు పెద్ద సూది, చిన్నబుచ్చుకుని.

"చూశారా."

ఆయన సూది పనితనం మామూలుది కాదు. మోకాలు ఎక్కడ ఎలా ఒదిగితే ఎక్కడ ఖాళీ దొరుకుతుందో ఆ వేళ్ళకి తెలుసు. కుంటుతూ వచ్చినవాళ్ళు నడుస్తూ వెళ్ళేవాళ్ళు. నడుస్తూ వచ్చినవాళ్ళు కూడా కొందరు ఎందుకైనా మంచిదని వేయించుకుని వెళ్ళేవాళ్ళు. ఇంత చేసినాయన్ని ఇంటిమనిషి మోకాలు మోసం చేసిందంటే మనసు ఒప్పుకోవడం లేదు. నొప్పికీ ఒప్పుకీ మధ్య ఆయన చాలాసేపు నలిగాడు.

"అమ్మాయ్," అన్నాడు చివరికి కోడలితో. "నువ్వు గాజుపలక మీద చుక్కేసి చూసేదానివి. నేను మనుషుల్ని చూసేవాణ్ణి. ఈ చేత్తో ఎంతమందిని నడిపించానో నీకు తెలియదు."

"తెలుసు మామయ్యా. మా అమ్మ కూడా ఉంది అందులో. ఆవిడకి ఒక్క సూది వేశారు. వాపు తగ్గగానే రోజూ కసరత్తు చేయమని వెంటపడ్డారు. మానేస్తే ఫోను చేసి తిట్టారు. ఆవిడ ఇవాళ్టికీ మేడ మెట్లెక్కుతోంది. సూది తప్పని నేనంటానా?"

"మరేమంటావు?"

భూతద్దం చెంచా తీసి తేనె సీసాలో ముంచింది. పైకెత్తింది. తేనె తెగకుండా సన్నటి తీగలా సీసాలోకి జారింది. "మంచి మోకాల్లో నీరు ఇలా సాగాలి. కీలు లోపల చుట్టూ పల్చటి పొర ఉంటుంది. అదే ఈ జిగురు నీటిని తయారుచేసి, ఎముకల కొసల మీదున్న గుజ్జుకి తిండి పెడుతుంది." ఆ చెంచా కడిగి, అదే చెంచాతో టీ తీసి వంచింది. టీ చుక్కలు చుక్కలుగా పడింది. "అత్తయ్య మోకాల్లోంచి వచ్చింది ఇలా ఉంది. తీగ లేదు. చుక్కలే."

గేరమ్మ టీ వైపు చూసింది. "చక్కెర కూడా తక్కువే," అంది.

ఎవరూ నవ్వలేదు. ఆవిడ కూడా నవ్వించాలని అనలేదు.

"వాపు వచ్చినప్పుడు మంటెక్కేది ఆ పొరే," అని సాగించింది భూతద్దం. "మీ మందు ఆ మంటని ఆర్పుతుంది. అదీ దాని ఉద్యోగం. బాగా చేస్తుంది. కానీ మాటిమాటికీ వేస్తే, పొరతో ఆగదు మామయ్యా. గుజ్జులో కణాలుంటాయి కదా, గుజ్జుని తయారు చేసుకునేవి. అవి మెల్లగా పని మానేస్తాయి. కొన్ని చచ్చిపోతాయి. సూది నొప్పి తెలియకుండా అందులో తిమ్మిరిమందు కలుపుతారు చూడండి, అది కూడా ఆ కణాలకి పడదు. నిన్నటి చుక్కలో రేణువులొక్కటే కాదు, గుజ్జు పీచులు కూడా తేలుతున్నాయి. విడిపోయిన ముక్కలు."

"అంత అరిగితే నొప్పి తెలియాలిగా ఆవిడకి?" పెద్ద సూది గొంతులో వాదన ఉంది గానీ పదును లేదు. జవాబు ఆయనకి తెలుసు. తెలిసినదాన్ని వేరే నోటి నుంచి వినడానికి అడిగాడంతే.

"గుజ్జుకి నరాలెక్కడివి మామయ్యా? అరిగేటప్పుడు అది అరవదు. దాని తరఫున అరిచేది ఆ పొర. మనం దాని నోరు మూసేశాం. నొప్పి లేదు కాబట్టి అత్తయ్య క్లచ్ తొక్కుతూనే ఉంది. తొక్కేకొద్దీ అరుగుతూనే ఉంది."

పొరకి జరిగిన పొరపాటు తేలింది. పొరపొచ్చాలు మాత్రం రాలేదు, అదే ఆ ఇంటి మంచితనం. పెద్ద సూది కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. శుభ్రంగా ఉన్నవాటినే మళ్ళీ తుడిచాడు. చిన్న సూది తల్లి కుర్చీ పక్కన కింద కూర్చుని, ఆవిడ మోకాలి మీద అరచెయ్యి ఆనించాడు. "వంచమ్మా ఒకసారి." వంచింది. చెయ్యి కింద కరకరమంది. బల్లకి అటువైపున్న పెద్ద సూదికి కూడా వినిపించింది. ఎండురొట్టె కొరికినట్టు. బల్ల మీద ఆ క్షణంలో రొట్టె కొరుకుతున్నవాళ్ళు ఎవరూ లేరు.

"ఈ చప్పుడు ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"బస్సులో ఉన్నప్పుడు వినపడదురా. ఇంజను గోల."

"ఇంట్లో?"

"ఇంట్లో మీ నాన్న గోల."

పెద్ద సూది కుర్చీ లాక్కుని భార్య పక్కకి వచ్చాడు. "ఏమోయ్, నామీద కోపంగా ఉందా?"

"మీ మీద ఎందుకండీ? అడిగింది నేను. అడిగినప్పుడల్లా పెట్టడం తప్ప మీకేం తెలుసు? వీడూ అంతే. మీ పోలికే." ఆవిడ గొంతులో వేళాకోళం లేదు. "నాకు ఇద్దరూ కావాలి, ఇద్దరి సూదులూ కావాలి. ఒకటి దిగేలోపు ఇంకోటి. నేనే లెక్క చూసుకుని అడిగేదాన్ని. మీరిద్దరూ కలిసి మోసపోయారు. మోసం చేసింది నేనొక్కదాన్నే."

"ఎందుకత్తయ్యా?" అంది భూతద్దం.

"బస్సెక్కితే నేను గేరమ్మని. దిగితే పెద్ద సూదిగారి భార్యని, చిన్న సూదిగారి తల్లిని. ఇంత పెద్ద బండి నా మాట వింటుందమ్మాయ్. వెనకాల పిల్లలు గోల చేస్తుంటే అద్దంలోంచి ఒక్క చూపు చూస్తాను, బండంతా గప్‌చిప్. ఇంట్లో కెటిల్ కూడా నా మాట వినదు." టీ పోసుకోబోయింది. కెటిల్ మూత ఊడి బల్ల మీద దొర్లింది. "చూశావా."

ఈసారి అందరూ నవ్వారు. నవ్వు అయిపోయాక ట్రే అక్కడే ఉంది.

అసలు సంగతి ఆ ట్రే. రేపు సోమవారం. రేపు పొద్దున మళ్ళీ బస్సు తీయాలి. వంతెన దాటాక నిటారుగా ఎక్కే రోడ్డు, దాని మలుపులో స్టాపు, స్టాపులో పిల్లలు. శుక్రవారం సాయంత్రం నుంచీ మోకాలు మొరాయిస్తోంది. అందుకే ఇవాళ ఫలహారమయ్యాక ఒక సూది కావాలని ఆవిడ భర్తని అడిగింది, ఆయన ట్రే సిద్ధం చేశాడు. కొడుకు చూసినా క్లినిక్ సామానే అనుకుంటాడులెమ్మని బల్ల మీదే పెట్టాడు.

"అయితే ఇప్పుడు దాని సంగతేంటి?" అంది గేరమ్మ, ట్రే వైపు గడ్డం చూపిస్తూ.

"వద్దు," అన్నాడు పెద్ద సూది.

"అస్సలొద్దు," అన్నాడు చిన్న సూది.

గేరమ్మ ఇద్దరి వైపూ చూసింది, అంతే. బస్సు అద్దంలోంచి పిల్లల్ని చూసే చూపు కాదు. అడగని చూపు. ఇద్దరూ జీవితంలో ఆవిడకి దేనికీ కాదనలేదు, ఆ అభ్యాసం లేదు. ఇద్దరి గట్టిదనం చూస్తుండగానే నీరుగారింది.

"పోనీ రేపొక్కరోజుకీ..." అని పెద్ద సూది నసిగాడు.

"సగం మోతాదుతో అయితే..." అని చిన్న సూది సాగదీశాడు.

"వద్దత్తయ్యా," అంది భూతద్దం.

గట్టిగా అనలేదు. రొట్టె కావాలా అంటే వద్దన్నంత మామూలుగా అంది. ఆ ఇంటికి కోడలై వచ్చాక ఆమె అత్తగారికి కాదని చెప్పడం అదే మొదలు. గేరమ్మ కనుబొమ్మలు కొద్దిగా లేచాయి.

"నువ్వు సూదులు వేసే డాక్టరువి కాదుగా అమ్మాయ్."

"కాదు. అందుకే చెప్పగలుగుతున్నా. బస్సు బ్రేకు కీచుమంటుంటే మెకానిక్కు బ్రేకు విప్పి చూడాలా, లేకపోతే మీ చెవుల్లో దూది కుక్కి పంపించాలా?"

"దూది కుక్కితే వాణ్ణి నేనే కుక్కుతాను."

"ఇన్నాళ్ళూ మన సూది చేసింది ఆ దూది పనే అత్తయ్యా. ఇవాళ వేస్తే రేపు మీకు హాయిగా ఉంటుంది. మోకాలు అలాగే ఉంటుంది. హాయిగా ఉన్నప్పుడు మీరు ఆగరు. ఆగకపోతే కాలు కాలం చేస్తుంది. అదీ కాకుండా..." ఇక్కడ ఆమె ఆగింది. తర్వాతి మాట బరువైనది, దాన్ని దించడానికి చోటు చూసుకుంది. "మోకాల్లో విడిపోయిన ముక్కలున్నాయి. అవి ఎప్పుడైనా మధ్యలో ఇరుక్కోవచ్చు. ఇరుక్కుంటే కాలు పట్టేస్తుంది. వెనకాల పిల్లలుంటారు."

గేరమ్మ చేతిలో రొట్టె పళ్ళెంలోకి దిగింది. చాలాసేపు వేళ్ళకంటిన వెన్న చూసుకుంది. తువ్వాలు తీసుకుని ఒక్కో వేలూ తుడుచుకుంది. తరవాత నడుముకి వేలాడే బస్సు తాళాలు విప్పి, బల్ల మీదుగా జరిపి, కోడలి చేతి పక్కన పెట్టింది.

"పట్టేసింది," అంది.

"ఏంటి?"

"కాలు. ఎప్పుడైనా పట్టేస్తుందన్నావే. శుక్రవారమే పట్టేసింది."

పెద్ద సూది కుర్చీలోంచి సగం లేచాడు. గేరమ్మ మాత్రం బండి నడుపుతున్నట్టే ఉంది, కళ్ళు ముందుకి, గొంతు నిలకడగా. "సాయంత్రం ట్రిప్పు. వంతెన దాటి ఎత్తెక్కుతుంటే ముందు లారీ ఆగింది. నేనూ ఆపాను. కుడికాలు బ్రేకు మీద, ఎడమకాలు క్లచ్ మీద. లారీ కదిలింది. నేను బ్రేకు మీంచి కాలు తీశాను. క్లచ్ మీంచి ఎడమకాలు లేవలేదు. నొప్పి లేదండీ. ఇసుమంత కూడా లేదు. కాలు నాది కానట్టుంది. బండి వెనక్కి జారింది."

"ఎంత?" అన్నాడు కొడుకు.

"కాస్తే. మళ్ళీ బ్రేకు తొక్కేశాను. పిల్లలకి ఆటగా ఉంది, హోయ్ అని అరిచారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ వెనకాల ఏదో తగిలిన చప్పుడైంది."

"ఏం తగిలింది?"

"అదే తెలీదు. అద్దంలో చూస్తే ఏం కనపడలేదు. దిగి చూద్దామంటే కాలు సీట్లోంచి రాదు. వెనకాల బళ్ళు హారన్లు. రెండు చేతుల్తో తొడ పట్టుకుని కాలు పైకి లాక్కున్నాను, బండి ముందుకు పోనిచ్చాను. పిల్లల్ని ఇళ్ళ దగ్గర దించాను. ఇంటికొచ్చి, కాలు పట్టేసిందని చెప్పకుండా, వీడితో నీరు తీయించుకున్నాను. ఇవాళ సూది కోసం మిమ్మల్ని అడిగాను." ఆవిడ భర్త వైపు తిరిగింది. "రాయేమో అనుకున్నాను. రెండ్రోజుల నుంచీ రాయే అనుకుంటున్నాను."

 తండ్రీకొడుకుల్లో ఎవరో ఒకరు ఓదార్పుగా ఏదో ఒకటి అనాల్సింది. అనలేదు, ఎందుకంటే అది కూడా తిమ్మిరిమందే అవుతుందని ఇద్దరికీ అప్పటికే అర్థమైంది.

భూతద్దం తాళాలు తీసుకుని లేచింది. "పదండి, చూద్దాం."

ఆదివారాల్లో బస్సు ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఉంటుంది. నలుగురూ దాని వెనక్కి వెళ్ళారు. పసుపురంగు బంపరు మీద దుమ్ము, దుమ్ములో పిల్లలు వేలితో గీసిన బొమ్మలు. కుడివైపు చివర దుమ్ము లేదు. అక్కడ అడ్డంగా నల్లటి గీత, రబ్బరు రాసుకున్నట్టు. భూతద్దం వంగి, బంపరుకీ బాడీకీ మధ్య సందులోంచి గోటితో ఏదో లాగింది. అరచేతిలో పెట్టి చూపించింది. ఎర్రటి ప్లాస్టిక్ బిళ్ళ, పగిలిన సగం. సైకిళ్ళ వెనక చక్రానికి మెరిసే బిళ్ళ.

దాన్ని చూడ్డానికి సూక్ష్మదర్శిని అక్కర్లేకపోయింది.

"రాయి కాదు," అంది గేరమ్మ.

"కారు తీస్తానుండమ్మా," అన్నాడు చిన్న సూది. "వంతెన దాకా వెళ్ళి కనుక్కుందాం."

"నడిచే వెళ్దాం."

"ఈ కాలుతోనా? కనీసం ఒక మాత్రైనా వేసుకో."

"ఏమీ వద్దురా. ఇవాళ అది ఏం చెబుతుందో పూర్తిగా విననీ."

వీధిలోకి నడిచారు. గేరమ్మ ఎడమకాలు వేసినప్పుడల్లా పెదవి బిగించింది. భర్త భుజం అందించాడు, పట్టుకుంది. ఆయన ఎప్పుడూ ముందు నడిచే మనిషి. ఆవేళ ఆవిడ నడకకి తన నడక కలపడానికి రెండు మూడుసార్లు తడబడ్డాడు. దారిలో ఒకాయన "సూదిగారూ, నా భుజం ఎంత బావుందో" అని చెయ్యి గాల్లో తిప్పి చూపించాడు. పెద్ద సూది తలవంచుకుని "వ్యాయామం మానకండి" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట మొదట రావడం ఆ వీధికి కొత్త.

వంతెన దాటారు. ఎత్తురోడ్డు మొదట్లో సైకిళ్ళు బాగుచేసే కొట్టు ఒకటుంది. ఆదివారం కాబట్టి షట్టరు సగమే ఎత్తి ఉంది. లోపల పైకప్పు కొక్కేనికి ఒక సైకిలు వేలాడుతోంది. మామూలు సైకిలు కాదు. హ్యాండిలు ముందు సానరాయి బిగించి ఉంది, దాన్ని తిప్పడానికి పెడలు నుంచి బెల్టు ఉంది. కత్తులు, కత్తెరలు సానబట్టే ఆయన బండి. ఆయన్ని అందరూ పదునాయన అంటారు. వీధివీధీ తిరిగి, నిలబెట్టిన సైకిలెక్కి తొక్కితే రాయి తిరుగుతుంది, రాయి తిరిగితే కత్తి మెరుస్తుంది, కత్తి మెరిస్తే ఆ పూటకి ఆయన పొయ్యి వెలుగుతుంది. కాళ్ళే ఆయనకి కరెంటు.

సైకిలు వెనక చక్రం అప్పడంలా వంగిపోయి ఉంది. చక్రానికి ఒక ఎర్ర బిళ్ళ సగమే మిగిలింది.

దాని కింద, స్టూలు మీద, పదునాయన కూర్చుని ఉన్నాడు. కుడికాలు ఎదురుగా ఇంకో స్టూలు మీద చాపి ఉంది. ప్యాంటు మోకాలి దగ్గర బిగుతుగా ఉబ్బింది. గేరమ్మని చూడగానే ఆయన కళ్ళు నేలకి దిగాయి. ఆవిడ షట్టరు పట్టుకుని నిలబడింది.

"శుక్రవారం నా బస్సు వెనకాల ఉన్నది నువ్వేనా?"

"ఉన్నానమ్మా. మీరేం కావాలని చేశారా? బండి జారింది, నేను సైకిలు పక్కకి తిప్పేలోపు వెనక చక్రం దొరికిపోయింది, పడ్డాను. పిల్లలబండి కదా అని ఊరుకున్నాను. నాలుగిళ్ళకి తెలిస్తే మీ నౌకరీకి ఇబ్బంది."

"దిగి చూడాల్సింది నేను. దిగలేదు. తప్పు నాది," అంది గేరమ్మ. 

అప్పటిదాకా వెనక నిలబడిన పెద్ద సూది మెల్లగా ముందుకొచ్చాడు. పదునాయన ముఖం చూశాడు. మోకాలు చూశాడు. మళ్ళీ ముఖం చూశాడు. భార్య భుజం మీదున్న ఆయన చెయ్యి జారి పక్కకి పడింది.

"నిన్న నా దగ్గరికి వచ్చావు నువ్వు."

"వచ్చాను సార్."

"పాత నొప్పి అన్నావు. పడ్డానని చెప్పలేదు."

"చెబితే ఎలా పడ్డావు, ఎవరు గుద్దారంటారు కదా సార్. అందుకని పాతదన్నాను."

"మామయ్యా," అంది భూతద్దం, గొంతు తగ్గించి. "ఏం చేశారు?"

 పెద్ద సూది బదులు పదునాయనే చెప్పాడు, కృతజ్ఞతతో, ముఖమంతా వెలిగిపోతుండగా. లేచి నమస్కారం పెట్టాలని రెండు చేతులూ స్టూలుకి ఆనించి ప్రయత్నించాడు. నడుము లేచింది. కాలు లేవలేదు.

"మీ సూది మహిమే మహిమ సార్. నిన్నట్నుంచి నొప్పన్నది ఇంత కూడా లేదు. కాలొక్కటే కదలట్లేదు."